రాత్రిళ్ళు వార్తలు చూడటం మానేస్తే అది శాంతా, భయమా?

గాజువాక అక్క:
సంక్రాంతి ముందు నుంచి మా ఇంట్లో నలుగుతున్న విషయం ఇది. మా తమ్ముడు సరుకు ఓడలో థర్డ్ ఇంజనీర్. 2023 నవంబరులో ఎర్ర సముద్రంలో ఓడల మీద దాడులు మొదలైన దగ్గర్నుంచి అమ్మకి నిద్ర లేదు, బీపీ పెరిగింది. టీవీలో ఏ ఓడ తగలబడుతున్నా అది వాడిదే అనుకునేది. చివరికి కేబుల్ కనెక్షన్ తీయించేసింది. "నా చేతిలో లేనిదాని గురించి నేనేం చూడను? దీపం పెట్టుకుని, వాడిని తలుచుకుని పడుకుంటాను" అంది. ఇప్పుడు కాస్త పడుకుంటోంది కూడా.

కింద వాటాలో మా పెద్ద మామయ్య ఉంటాడు. షిప్‌యార్డులో వెల్డర్‌గా చేసి రిటైరయ్యాడు. రాత్రి తొమ్మిది నుంచి పదకొండు దాకా వార్తలు పెడతాడు, చెవులు సరిగ్గా వినపడవు కాబట్టి సౌండ్ ఎక్కువ. అమ్మ వెళ్ళి "అన్నయ్యా, కాస్త తగ్గించు" అంటే "లోకం తగలబడుతుంటే తలుపులేసుకుని పడుకోవడం శాంతి కాదే, భయం" అన్నాడు. అమ్మ ఏడుస్తూ పైకొచ్చేసింది. అప్పటినుంచి ఇద్దరికీ మాటల్లేవు. పండక్కి ఎవరి అరిసెలు వాళ్ళే వండుకున్నారు. అమ్మ చేసింది తప్పా?

ఎంవీపీ మాస్టారు:
తప్పు కాదమ్మా. ఒకే ఓడ మంటల్ని గంటలో ఇరవైసార్లు చూపిస్తే, ఇరవయ్యోసారి మనకి కొత్తగా తెలిసేదేమీ ఉండదు, గుండెదడ తప్ప. నేను పొద్దున పేపరు ఒక్కసారి చదువుతాను, అంతే. మీ అమ్మగారి ఆరోగ్యం ముఖ్యం. మామయ్యగారికి ఒక హెడ్‌ఫోన్ కొనివ్వండి.

లాసన్స్ బే:
మాస్టారూ, మన్నించాలి, నేను ఒప్పుకోను. మన విశాఖ మామూలు ఊరు కాదు. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు మన రేవు మీద బాంబులు వేశాయి. 1971 డిసెంబరు 3 అర్ధరాత్రి దాటాక పెద్ద పేలుడు వినపడి మా నాన్నగారు మంచం మీద నుంచి లేచి కూర్చున్నారట. పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ మన తీరానికి దగ్గర్లోనే మునిగిందని కొన్నాళ్ళకి గానీ జనానికి తెలియలేదు. మనం చూసినా చూడకపోయినా యుద్ధం గుమ్మంలోకి వస్తుంది.

ఇంకో మాట. 2024 జనవరి 26 రాత్రి ఏడెన్ సింధుశాఖలో మార్లిన్ లువాండా అనే ట్యాంకరుకి క్షిపణి తగిలింది. అందులో 22 మంది మనవాళ్ళు, ఒక బంగ్లాదేశీ. మంటలార్పడానికి వెళ్ళిన యుద్ధనౌక ఏదో తెలుసా? ఐఎన్ఎస్ విశాఖపట్నం. మన ఊరి పేరు పెట్టుకున్న ఓడ. ఆ రాత్రి వాళ్ళు మేలుకుని ఉన్నారు కాబట్టే ఇరవై మూడు ఇళ్ళు నిలబడ్డాయి. మామయ్యగారి మాట కటువుగా ఉండొచ్చు కానీ అందులో నిజం ఉంది.

ఎంవీపీ మాస్టారు:
ఆ కుర్రాళ్ళంటే నాకూ గౌరవమే. కానీ వాళ్ళు మేలుకుని ఉండేది ఇలాంటి తల్లులు నిద్రపోవాలనే కదా. కాపలా వాళ్ళ పని. ఈవిడ టీవీ ముందు కూర్చున్నంత మాత్రాన ఏ ఓడకి కాపలా?

తొట్లకొండ నడక:
నేను ఆదివారాలు తొట్లకొండ ఎక్కుతాను, మన ఊరి దగ్గర పాత బౌద్ధారామం ఉన్న కొండ. పైన కూర్చుంటే సముద్రం, గాలి తప్ప ఏమీ ఉండవు. బౌద్ధ భిక్షువులు లోకాన్ని వదిలేసి అక్కడికి వచ్చారని చాన్నాళ్ళు అనుకున్నాను. కానీ అక్కడి తవ్వకాల్లో శాతవాహనుల నాణేలతో పాటు రోమన్ వెండి నాణేలు కూడా దొరికాయి. అంటే కిందనుంచి వ్యాపారులు వచ్చేవాళ్ళు, సముద్రం మీది కబుర్లు చెప్పేవాళ్ళు. కొండ మీద ఉన్నా భిక్షువులు లోకంతో తెగతెంపులు చేసుకోలేదు.

అశోకుడి సంగతి ఇంకా ఆలోచింపజేస్తుంది. కళింగ యుద్ధంలో లక్షమంది చచ్చిపోయారనీ, లక్షా యాభై వేలమందిని తరలించుకుపోయామనీ, అందుకు బాధపడుతున్నాననీ 13వ శిలాశాసనంలో ఆయనే చెప్పుకున్నాడు. మన కర్నూలు జిల్లా ఎర్రగుడిలో ఆ శాసనం ఉంది. పెషావర్ వైపు షాబాజ్‌గఢీలో ఉంది. కానీ దెబ్బతిన్న కళింగంలోనే, ధౌళిలోనూ జౌగడలోనూ, అది లేదు. దాని బదులు అక్కడి అధికారులకి వేరే శాసనాలు చెక్కించాడు. ఎందుకో రకరకాలుగా చెబుతారు. నాకు మాత్రం అది గుండెలో గుచ్చుకుంటుంది. ఊరందరికీ చెప్పుకున్న బాధ, ఎవరికి చెప్పాలో వాళ్ళకి చెప్పలేదు.

మధురవాడలో ప్రహరీ గోడ గురించి మా అన్నయ్యకీ నాకూ మాటా మాటా పెరిగింది. ఆరేళ్ళు మాట్లాడుకోలేదు. "గొడవల్లేవు, ప్రశాంతంగా ఉన్నాం" అని అందరికీ చెప్పేవాణ్ణి. నిజానికి రోజూ ఆ గోడ చూసినప్పుడల్లా కడుపు మండేది. అక్కా, టీవీ ఉంటే ఏంటి, లేకపోతే ఏంటి? మీ ఇంట్లో శాంతి పోయింది మెట్ల దగ్గర. మామయ్యగారు ఆ "భయం" అన్న మాటకి అమ్మగారి దగ్గరే బాధపడాలి, మీ దగ్గరో పక్కింటి వాళ్ళ దగ్గరో కాదు.

ఓడ మనిషి:
పద్దెనిమిదేళ్ళు సముద్రం మీద పనిచేశాను. అసలు విషయం ఎవరూ అడగలేదు. మీ తమ్ముడి ఓడ ఆ దారిలో వెళ్తోందా? చాలా కంపెనీలు దాడుల తర్వాత ఎర్ర సముద్రం, సూయజ్ కాలువ దారి మానేసి ఆఫ్రికా చుట్టూ తిప్పాయి. పది రోజులకి పైగా ఎక్కువ పడుతుంది కానీ ఆ దారిలో క్షిపణుల టెన్షన్ లేదు. ఇంకోటి, అంతర్జాతీయ యూనియన్ ఒప్పందం కింద ఉన్న ఓడ అయితే, యుద్ధ ప్రాంతంగా ప్రకటించిన చోటికి రానని చెప్పే హక్కు సీమన్‌కి ఉంటుంది. కంపెనీ తన ఖర్చుతో ఇంటికి పంపాలి. ఈ సంగతి తెలియాలంటే కళ్ళు మూసుకుంటే కుదరదు, అలాగని రాత్రంతా టీవీ చూసినా తెలియదు. వాడినే అడగండి.

గాజువాక అక్క:
అందరికీ దండాలు. నాలుగు రోజుల తర్వాత రాస్తున్నాను.

తమ్ముణ్ణి అడిగాను. వాడి ఓడ మొదటినుంచీ ఆఫ్రికా చుట్టే తిరుగుతోందట! "మరి అమ్మకి ఎందుకు చెప్పలేదురా?" అంటే, "ఓడల మాటెత్తితేనే అమ్మ కంగారుపడుతుందని ఎత్తలేదక్కా" అన్నాడు. అమ్మేమో వాడికి దిగులు పెట్టకూడదని అడగలేదు. ఇద్దరూ ఒకరినొకరు కాపాడుకుంటూ ఇన్నాళ్ళు నలిగిపోయారు.

తొట్లకొండ అన్నయ్య రాసింది మామయ్యకి చదివి వినిపించాను. ఏమీ అనలేదు. నిన్న సాయంత్రం మోకాళ్ళ నొప్పితోనే మెట్లెక్కి వచ్చాడు. "ఆ మాట అనకుండా ఉండాల్సిందే" అన్నాడు. అమ్మ లోపలికెళ్ళి టీ పెట్టింది. టీవీ గురించి ఇద్దరిలో ఎవరూ మారలేదు. మామయ్య ఇంకా రాత్రి వార్తలు చూస్తున్నాడు, సౌండ్ మాత్రం తగ్గింది. అమ్మ కేబుల్ పెట్టించుకోనంది.

కానీ మా పాప స్కూల్ అట్లాసు ఇప్పుడు మామయ్య దగ్గర ఉంది. తమ్ముడు మెసేజ్ పెట్టినప్పుడల్లా అమ్మ మెట్ల మీద నుంచి ఊరి పేరు చెబుతుంది, ఆయన పెన్సిల్‌తో చుక్క పెడతాడు. ఇవాళ్టి చుక్క డర్బన్ దగ్గర.