ముందు జైలు ఫిర్యాదు, తర్వాతే ఫెడరల్ కోర్టు: అమెరికా ఖైదీలకు ఈ నిబంధన న్యాయమేనా?

కోర్టుపక్షి:
పీఎల్ఆర్ఏ (ఖైదీల దావాలను కట్టడి చేసే ప్రిజన్ లిటిగేషన్ రిఫార్మ్ యాక్ట్) అనే 1996 చట్టం వచ్చాక, జైలు పరిస్థితుల మీద దావా వేయాలంటే లోపలి ఫిర్యాదు, అప్పీళ్లు అన్నీ ముగించి రావాలి. ఉండాల్సిందే అంటాను. మందులు, ఉత్తరాల గొడవలు వార్డెన్ (జైలు అధిపతి) దగ్గరే తేలే అవకాశం ఉంది. తేలకపోయినా కోర్టుకు రికార్డు మిగులుతుంది.

మాధవి_కె:
ఆ ఫిర్యాదు ఒక్కరోజు ఆలస్యమైతే? ఫెడరల్ జైళ్లలో ముందు సిబ్బందితో మాట్లాడి చూడాలి. ఘటన జరిగిన 20 రోజుల్లో వార్డెన్‌కు బీపీ-9 అనే ఫిర్యాదు ఫారం, ఆయన జవాబు మీద 20 రోజుల్లో ప్రాంతీయ కార్యాలయానికి బీపీ-10 అప్పీలు, ఆపైన 30 రోజుల్లో వాషింగ్టన్‌లోని కేంద్ర కార్యాలయానికి బీపీ-11 అప్పీలు. మెలిక ఏంటంటే, అప్పీలు గడువు జవాబు చేతికందిన రోజు నుంచి కాదు, అధికారి సంతకం పెట్టిన రోజు నుంచి మొదలవుతుంది. కాగితం ఏ బల్లమీదో వారం పడుంటే నష్టం ఖైదీకే. తగిన కారణం చూపితే పొడిగిస్తారు, కానీ ఆ విచక్షణ కూడా వాళ్లదే! వుడ్‌ఫర్డ్ వర్సెస్ ఎన్‌గో (2006) సుప్రీంకోర్టు తీర్పు తర్వాత గడువు దాటితే దావా దాదాపు పోయినట్టే.

రఘు_ఎన్:
జవాబు రాలేదని ఊరికే కూర్చోవడం ఇంకో పొరపాటు. వార్డెన్‌కు 20 రోజులు, ప్రాంతీయ కార్యాలయానికి 30, వాషింగ్టన్‌కు 40. పొడిగింపు నోటీసు లేకుండా అవి దాటితే తిరస్కరించినట్టే అనుకుని పై మెట్టుకు వెళ్లొచ్చు. మెట్లు పూర్తికాకుండా దావా వేస్తే కొట్టేస్తారు. మళ్లీ వేస్తే మళ్లీ 350 డాలర్ల కోర్టు ఫీజు. పేద ఖైదీకీ మాఫీ లేదు, ఖాతాలో 10 డాలర్లు దాటినప్పుడల్లా ముందు నెల రాబడిలో 20 శాతం లాగుతారు. బ్రూస్ వర్సెస్ శామ్యూల్స్ (2016) ప్రకారం రెండు కేసులుంటే 40 శాతం.

కోర్టుపక్షి:
మినహాయింపులూ చెప్పండి. పద్ధతి పేరుకే ఉన్నా, ఎవరికీ అంతుపట్టనంత గజిబిజిగా ఉన్నా, సిబ్బంది బెదిరించి అడ్డుకున్నా ఈ షరతు వర్తించదని రాస్ వర్సెస్ బ్లేక్ (2016) చెప్పింది. ఫిర్యాదు పూర్తికాలేదని చూపాల్సింది కూడా ప్రతివాదులే (జోన్స్ వర్సెస్ బాక్, 2007).

మాధవి_కె:
బెదిరించారని ఖైదీ అంటాడు, లేదని గార్డు అంటాడు. ఆ వివాదం అసలు కేసుతో ముడిపడి ఉంటే జ్యూరీయే తేల్చాలని పెర్టూ వర్సెస్ రిచర్డ్స్ వచ్చింది 2025లో! 1996కు ముందు రాష్ట్ర ఖైదీల కేసుల్లో కోర్టు దావాను 180 రోజుల దాకా ఆపి, ఫిర్యాదు చేసి రమ్మని పంపగలిగేది. కొట్టేయడం కన్నా అది నయం.

కోర్టుపక్షి:
అలా ఆపుతూ పోతే గడువు ఎవరు పాటిస్తారండీ? ఎన్‌గో కేసులో కాలిఫోర్నియా గడువు 15 పనిదినాలు. ఖైదీ ఎన్‌గో ఫిర్యాదు పెట్టింది సుమారు ఆరు నెలలకు.

రఘు_ఎన్:
ఆరు నెలలు ఊరుకున్నవాణ్నీ, సంతకం తేదీ వల్ల రెండు రోజులు తప్పినవాణ్నీ ఒకే గాట కట్టకండి. గడువును చేతికందిన తేదీ నుంచి లెక్కిస్తే ఫెడరల్ జైళ్ల వరకు ఈ పేచీ పోతుంది. దానికి కాంగ్రెస్ దాకా పోనక్కర్లేదు, జైళ్ల బ్యూరో తన నియమం మార్చుకుంటే చాలు.