ఈ. కోలై కల్చర్ ఓడీ (ఎంత పెరిగిందో చెప్పే మసక కొలత) 0.5 దగ్గర ఆగింది, లాక్టోజ్ ముట్టుకుంటనే లేదు. తప్పెక్కడ?

హన్మకొండ_మైక్రో:
ఎమ్మెస్సీ ప్రాక్టికల్‌కు ఈ. కోలై రెండంచెల పెరుగుదల గ్రాఫ్ (ముందు గ్లూకోజ్ తిని, కొంచెం ఆగి, తర్వాత లాక్టోజ్ తినుడు) గీయాలె. ఎం9 మీడియం, గ్లూకోజ్ 0.05 శాతం, లాక్టోజ్ 0.2 శాతం, థయామిన్ మి.లీ.కు 1 మైక్రోగ్రాము. 250 మి.లీ. ఫ్లాస్కుల 50 మి.లీ., 37 డిగ్రీలు, 200 ఆర్‌పీఎం. స్ట్రెయిన్ డీహెచ్5 ఆల్ఫా, లోపల పీయూసీ19 ప్లాస్మిడ్. ఓడీ 0.5 దాకా మంచిగనే ఎక్కింది. ఆడ ఆగి ఐదు గంటలైనా కదుల్తలేదు. ల్యాక్ జీన్లను లేపే ఐపీటీజీ 1 మిల్లీమోలార్ వేసినా అంతే. ఎక్స్‌గాల్ ప్లేట్ మీద మాత్రం కాలనీలు నీలంగ వస్తున్నయి, అంటే లాక్టోజ్‌ను కోసే ఎంజైమ్ జీన్ ల్యాక్ జెడ్ ఉన్నట్టే కదా? గ్లూకోజ్ మిగిలిపోయి ఇంకా అణచిపెడ్తున్నదా?

కాజీపేట_పిపెట్:
గ్లూకోజ్‌ను అనుమానించకు తమ్మీ. 0.05 శాతానికి వచ్చే ఓడీ దాదాపు అంతే. అది అయిపోయింది కాబట్టే ఆగింది.

తప్పు స్ట్రెయిన్‌ది. డీహెచ్5 ఆల్ఫాల ల్యాక్ జెడ్, వై, ఏ మూడు జీన్లూ తీసేసి ఉంటయి. మిగిలింది వేరే చోట అతికించిన, మొదట్ల చిన్న ముక్క తక్కువైన ల్యాక్ జెడ్. ఆ చిన్న ముక్కను పీయూసీ19 ఇస్తది, రెండూ కలిసి ఎంజైమ్ పనిచేస్తది, ప్లేట్ నీలం ఐతది. కానీ ల్యాక్ వై లేదు, అంటే లాక్టోజ్‌ను లోపలికి తెచ్చే పర్మియేజ్ లేదు. ఎక్స్‌గాల్‌కు ఆ పర్మియేజ్‌తోటి పని లేదు, లాక్టోజ్‌కు అది లేకుంటే గడవదు. ఇంట్ల పొయ్యి ఉన్నది, బియ్యం లోపలికి తెచ్చే తలుపే లేదు. ఐపీటీజీ వేసినా కదల్లేదంటేనే ఇది స్విచ్ సమస్య కాదని తెలుస్తది.

ఎంజీ1655 లాంటి లాక్టోజ్ తినే కే-12 స్ట్రెయిన్ తీసుకో. ముందుగాల, లాక్టోజ్ తింటే రంగు తిరిగే మెకాంకీ ప్లేట్ మీద గీసి చూడు: గులాబీ-ఎరుపు కాలనీ వస్తే వాడొచ్చు, పాలిపోతే వద్దు. ఒక్క రాత్రి పని, వారం మిగుల్తది.

హన్మకొండ_మైక్రో:
సమజైంది అన్నా. కొత్త స్ట్రెయిన్‌తోటి చేసేటప్పుడు ఇంకేం చూసుకోవాలె?

కాజీపేట_పిపెట్:
రాత్రి కల్చర్ ఎల్‌బీ అనే పోషక ద్రవంల పెంచకు. అండ్ల ఉన్న పెప్టైడ్లు వెంట వచ్చి మొదటి అంచెను చెడగొడ్తయి. ఎం9 గ్లూకోజ్‌లనే పెంచు, ఓడీ 0.02 దగ్గర మొదలుపెట్టు. లాక్టోజ్‌ల పెంచినవంటే ఎంజైమ్ ముందే తయారై ఉంటది, విరామం కనబడదు. చక్కెరలను మీడియంతోటి కలిపి ఆటోక్లేవ్ చేస్తే గోధుమరంగు వస్తది, విడిగ 0.22 మైక్రాన్ ఫిల్టర్‌తోటి వడగట్టు. విరామం గంటలోపే అయిపోవచ్చు, అందుకే ఓడీ 0.3 దాటినంక పది నిమిషాలకోసారి చూడు. గంటకోసారి చూసేటోళ్లకు గీత నున్నగనే వస్తది, "రాలేదు" అని రాసుకుంటరు.

ల్యాక్ జెడ్ ఎంజైమ్ ఎంతున్నదో పసుపు రంగుతోటి కొలిచే ఓఎన్‌పీజీ పరీక్ష కూడా పెట్టు, గ్రాఫ్‌కు అదే సాక్ష్యం. కణాలకు చిల్లులు పెట్టే క్లోరోఫాం, ఎస్‌డీఎస్ వేసిన జెడ్ బఫర్ 1 మి.లీ.కు, మి.లీ.కు 4 మి.గ్రా. గాఢత ఉన్న ఓఎన్‌పీజీ 0.2 మి.లీ. పసుపు తిరగంగనే 1 మోలార్ సోడియం కార్బొనేట్ 0.5 మి.లీ. పోసి ఆపు, నిమిషాలు రాసుకో. ఎస్‌డీఎస్ కలిపిన బఫర్‌ను ఐసుల పెట్టకు, పొటాషియంతోటి కలిసి తెల్లగ గడ్డకడ్తది. ట్యూబులు బెంచీ మీద కాదు, 28 డిగ్రీల వాటర్ బాత్‌ల ఉండాలె. మే నెలల మన వరంగల్ గదిల బెంచీ మీద పెడ్తే రోజుకో అంకె వస్తది.

జొన్నగట్క:
వైవాల ఎవరైనా "గ్లూకోజ్ ఉంటే సైక్లిక్ ఏఎంపీ తగ్గుతది, అందుకే ల్యాక్ ఆగుతది" అని ఒక్క ముక్కల ముగిస్తే ఒప్పుకోకు. 1996ల జపాన్‌ల ఐబా బృందం చూపించింది వేరు: గ్లూకోజ్, లాక్టోజ్ రెండూ ఉన్నప్పుడు అసలు అడ్డం ప్రవేశం దగ్గరనే. గ్లూకోజ్ లోపలికి పోతుంటే రవాణా ప్రోటీన్ టూ-ఏ ఫాస్ఫేట్ లేకుండ ఉండి పర్మియేజ్‌ను పట్టుకుంటది. లాక్టోజ్ రాకుంటే దాన్నుంచి పుట్టే అల్లోలాక్టోజ్ లేదు, అది లేకుంటే ల్యాక్ జీన్లను మూసిపెట్టే రిప్రెసర్ డీఎన్‌ఏను వదలదు. రిప్రెసర్ లేని స్ట్రెయిన్‌ల విరామం పోతది, మంచి స్ట్రెయిన్‌తోటి ఐపీటీజీ వేస్తే నువ్వే చూస్తవ్.

ఇంకోటి. పేగులల్ల ఈ. కోలై చిన్న వాటాదారు. జొన్నగట్క, సద్దన్నంల అరగకుండ మిగిలిన పిండిని పెద్దపేగుల తినేటోళ్లల్ల బాక్టీరాయిడీస్ థీటాయోటామైక్రాన్ అనే బాక్టీరియా ఒకటి, దాని పద్ధతి వేరు. సస్ అనే ఎనిమిది జీన్ల గుంపు ఉంటది. సస్‌డీ పిండిని బయట పట్టుకుంటది, సస్‌జీ కోస్తది, సస్‌సీ ముక్కలను లోపలికి లాగుతది. సస్‌ఆర్ మాల్టోజ్‌ను గుర్తుపట్టి మిగతా జీన్లను లేపుతది. అంటే పిండిని కాదు, పిండి కోస్తే వచ్చే ముక్కను చూసి స్విచ్ పడ్తది. ముందునుంచి కొద్దిగ ఎంజైమ్ లేకుంటే ఆ ముక్కే పుట్టదు, అందుకే అడుగుమట్టం ఉత్పత్తి ఎప్పుడూ ఉంటది.

హన్మకొండ_మైక్రో:
అక్కా, ఈ బాక్టీరాయిడీస్‌ను క్యాండిల్ జార్‌ల (కొవ్వొత్తి వెలిగించి మూసే డబ్బా) పెంచొచ్చా?

జొన్నగట్క:
పెరగదు, దానికి ఆక్సిజన్ పడదు. కొవ్వొత్తి ఆరిపోయినంక కూడ ఆక్సిజన్ చాలానే ఉంటది. ఆక్సిజన్‌ను తీసేసే గ్యాస్‌ప్యాక్ జార్ కావాలె, మీడియంల హెమిన్, సిస్టీన్ వెయ్యాలె.