బురద ట్రక్కులను ఆపాలా, రానివ్వాలా?

నాలుగు_బేలు:
హ్యూస్టన్ అవతల చిన్న ఊళ్లో సెల్ఫ్ సర్వీస్ కార్ వాష్ (డబ్బులు వేసి ఎవరి బండి వాళ్లే కడుక్కునేది) కొని రెండేళ్లయింది. వాన పడిన మర్నాడు పొలాల్లో తిప్పిన పికప్ ట్రక్కులు వరసకడతాయి. ఐదారు డాలర్లు వేసి, బురదంతా గచ్చు మీద కుమ్మరించి పోతారు. తర్వాత వచ్చినవాళ్లు అది చూసి కారు దిగకుండానే వెళ్లిపోతున్నారు. పార పట్టుకుని ఎత్తేది నేనూ మా ఆవిడా. నిన్న ఒకతను వ్యాక్యూమ్ పక్కన డబ్బాలో ఇంటి చెత్త సంచులు ఆరు కుక్కి పోయాడు. "బురద బండ్లు రాకూడదు" అని బోర్డు పెడదామనుకుంటున్నా. ఏమంటారు?

పాతకాపు:
వద్దు తమ్ముడూ. బురద కడుక్కోవడానికే కదా మన దగ్గరికి వచ్చేది! మెషీన్లే కారు కడిగే టన్నెల్ వాష్‌లో అంత బురద బండిని లోపలికి రానివ్వరు. అక్కడ కాదన్న బండే మన బేరం. బురద బండివాళ్లు నీళ్ల గన్ పట్టుకుంటే పావుగంట వదలరు, టైమర్ తిరిగినంతసేపూ మనకు డబ్బే. చివరి బే (బండి నిలిపి కడిగే గది) వాళ్లకు కేటాయించు. గచ్చు కడగడానికి ఆఖర్న ఒక నిమిషం ఉచితంగా ఇవ్వు. నా దగ్గర అది పెట్టాక చాలామంది కడిగే పోతున్నారు.

నాలుగు_బేలు:
గచ్చు సరే అన్నా, కింద మట్టి చేరే గుంట, అదే గ్రిట్ ట్రాప్, మాటేమిటి? ఆ మట్టిని ఎక్కడపడితే అక్కడ పోయలేం. గ్రిట్ ట్రాప్ మట్టిని టెక్సాస్‌లో రిజిస్టరైన ట్రక్కువాళ్లే తీసుకెళ్లాలి. ఎంత బురద వస్తే అంత తొందరగా వాళ్లను పిలవాలి.

శనివారం_వాష్:
నేను ఓనర్ని కాదు, కస్టమర్ని. నా బాధ బ్రష్‌తో. ముందు ట్రక్కువాడు బురద వదలకుండానే ఫోమ్ బ్రష్‌తో రుద్దేశాడు. కుచ్చుల్లో ఇరుక్కున్న ఇసుక నా కారు తలుపు మీద గీతలు పెట్టింది. గచ్చు మీద బురద ఉంటే చెప్పులు తడుస్తాయి, అంతే. ఆ గీతలు మాత్రం పోవు.

పాతకాపు:
ఈయన చెప్పింది నిజం. బురద బేలో బ్రష్ తీసెయ్, గన్ చాలు. గుంట ఖర్చును ఆ బే రేటులో కలుపుకో. అంతేగానీ బురదనూ చెత్తనూ ఒకే గాటన కట్టకు. బురద బండివాడు డబ్బులిచ్చి కడుక్కుంటున్నాడు. చెత్త పడేసినవాడు మన దగ్గర ఏమీ కొనలేదు. 5 పౌండ్ల లోపు చెత్తకైనా టెక్సాస్ చట్టంలో 500 డాలర్ల దాకా జరిమానా ఉంది. కెమెరాలో నంబర్ పడితే పోలీసులకివ్వు. అన్నిటికంటే బేలో ఇంజన్ ఆయిల్ మార్చేవాళ్లను అస్సలు వదలకు. ఒక్కసారి మార్చిన ఆయిల్ 10 లక్షల గ్యాలన్ల మంచినీళ్లను పాడుచేయగలదని అమెరికా పర్యావరణ సంస్థ ఈపీఏ చెబుతుంది.

నాలుగు_బేలు:
సరే అన్నా, బోర్డు మానేస్తా. నాలుగో బేలో బ్రష్ రేపే విప్పేస్తా. రేటు పెంచితే మాత్రం వాళ్లు పక్క బేలోకి దూరతారని అనుమానంగా ఉంది.

శనివారం_వాష్:
మిగతా మూడు బేల్లో "వాడే ముందు బ్రష్‌ను గన్‌తో కడగండి" అని ఇంగ్లీషులోనూ స్పానిష్‌లోనూ రాసి పెట్టండి. నాకు ఆ సంగతి ఎవరూ చెప్పలేదు.