గుండు హనుమంతరావు గారు అనగానే అందరికీ ఆంజనేయులే ఎందుకు గుర్తొస్తాడు?

బెజవాడ_బుల్లోడు అడిగిన ప్రశ్న:

నిన్న రాత్రి ఇంట్లో అందరం కూర్చుని యూట్యూబ్‌లో అమృతం పాత ఎపిసోడ్లు పెట్టుకున్నాం. మా అక్క కొడుక్కి తొమ్మిదేళ్లు, అంటే ఆ సీరియల్ అయిపోయిన ఎన్నో ఏళ్లకి పుట్టినోడు, వాడు నేల మీద దొర్లి దొర్లి నవ్వుతున్నాడు. ఒక ఎపిసోడ్ అవగానే మా నాన్న వైపు తిరిగి "తాతా, ఆంజనేయులు ఇప్పుడు ఏ సీరియల్లో చేస్తున్నాడు" అన్నాడు. మా నాన్న రిమోట్ పట్టుకుని అలాగే ఉండిపోయాడు, చివరికి మా అమ్మే "ఆయన లేడు నాన్నా, పోయాడు" అంది. వాడు నమ్మలా. ఇంకో ఎపిసోడ్ పెట్టించి టీవీ వైపు వేలు చూపించి "ఉన్నాడుగా" అన్నాడు.

అప్పట్నుంచీ నాకు ఒకటే ఆలోచన. ఆ ఆంజనేయులు వేషం వేసిన గుండు హనుమంతరావు గారిది మా బెజవాడే. నాటకాలేసుకుంటూ వచ్చి, జంధ్యాల గారి అహ నా పెళ్ళంటతో 1987లో వెండితెర ఎక్కి, ఆ తర్వాత నాలుగొందల సినిమాల దాకా చేశారు. కానీ ఎవర్ని అడిగినా ఆంజనేయులు అనే అంటారు, ఆ సినిమాల పేర్లు ఎవరూ ఎత్తరు. ఇది ఒక ఆర్టిస్టుకి అదృష్టమా, నష్టమా?

ఊరికే అడగట్లేదు. మా బాబాయి కొడుకు ఏడేళ్లుగా నాటకాలు వేస్తున్నాడు, మంచి నటుడు, పరిషత్తుల్లో ప్రైజులు కూడా తెచ్చుకున్నాడు. వాడికి ఇప్పుడు ఒక డైలీ సీరియల్లో హీరో అన్నయ్య వేషానికి పిలుపొచ్చింది. వాడి ఫ్రెండ్స్ ఏమో టీవీకి వెళ్తే ఇక అంతే, ఆ ముద్ర పడిపోతుంది, సినిమా వాళ్ళు చూడను కూడా చూడరు అని భయపెడుతున్నారు. తెలిసినవాళ్ళు కాస్త చెప్పండి.

ఆదివారం_ఎనిమిదిన్నర:

బ్రో నా పేరు చూస్తేనే తెలుస్తుంది నేను ఎంత పిచ్చోడినో, అమృతం వచ్చే టైమే పేరుగా పెట్టుకున్నా. 2001 నవంబర్లో జెమినీలో మొదలై 2007 నవంబర్ దాకా, మొత్తం 313 ఎపిసోడ్లు. లెక్కేసుకో, ఆరేళ్లు, ఏడాదికి 52 ఆదివారాలు, అంటే దాదాపు ఒక్క వారం కూడా గ్యాప్ లేకుండా ఆ మనిషి మన ఇంట్లోకి వచ్చి కూర్చున్నాడు. మన సొంత మేనమామలు అన్నిసార్లు రారు కదా.

ఇంకో సంగతి చాలామంది గమనించరు. సీరియల్ పేరు అమృతం, కానీ అమృతం వేషం ముగ్గురు వేశారు, ముందు శివాజీ రాజా గారు, తర్వాత నరేష్ గారు, ఆ తర్వాత హర్షవర్ధన్ గారు. హీరో మారితే మామూలుగా సీరియల్ పడిపోతుంది, జనం ఒప్పుకోరు. అమృతం పడిపోలేదంటే నా ఉద్దేశంలో పెద్ద కారణం పక్కన ఆంజనేయులు మారకపోవడం. కొత్త అమృతం వచ్చినప్పుడు మనం ఆయన్ని ఎలా ఒప్పుకున్నామంటే, ఆంజనేయులు ఆయన్ని అమృతం అని పిలిచాడు కాబట్టి మనమూ పిలిచాం, అంతే. ఆ టైటిల్ పాట చూడు, సిరివెన్నెల గారు రాసింది, కళ్యాణి మాలిక్ గారి ట్యూను, అందులో కూడా పిలిచేది ఆంజనేయుల్నే.

ఆయన నటన గురించి ఒక్కటి చెప్తా. ఈసారి చూసేటప్పుడు డైలాగ్ చెప్పేవాణ్ణి వదిలేసి ఆయన్నే చూడు. అమృతం ఏదో కొత్త ఐడియా చెప్తుంటాడు, ఈయన నోరు కొంచెం తెరుచుకుని ఉంటుంది, కళ్ళు ముందు అమృతం మీద ఉంటాయి, తర్వాత మెల్లగా పైకి వెళ్తాయి, అంటే విన్నది లోపల లెక్కేసుకుంటున్నాడన్నమాట, ఆ లెక్క తేలక ముందే ముఖం కొంచెం వాలిపోతుంది. ఇంకా ఒక్క మాట అనలేదు, మనం అప్పటికే నవ్వేస్తాం. అది ఎవరూ రాసిచ్చింది కాదు, పేపర్ మీద ఉండేది కాదు.

సినిమాపిచ్చి_సీను:

టీవీలో ఎవరికైనా జరిగేది ఇదే కదా అన్నా. ఆర్కే నాయుడు అంటే మొగలిరేకులు చూసిన ప్రతి ఇంట్లో తెలుసు, సాగర్ అంటే ఒక్క క్షణం ఆలోచిస్తారు. ప్రేమి విశ్వనాథ్ గారు కేరళ నుంచి వచ్చారు, ఇక్కడ కార్తీకదీపంలో ఆమె వేసిన వంటలక్క పేరు చెప్తేనే తెలుస్తుంది జనానికి. సినిమాలో హీరో పేరు మిగుల్తుంది, టీవీలో పాత్ర పేరు మిగుల్తుంది. నా వరకు నష్టమే అంటాను, ఎందుకంటే రేపు ఇంకో వేషం అడగాలంటే ఆ ఆర్టిస్టుకి తన పేరే కావాలి, వంటలక్కో ఆంజనేయులో పనికిరాదు.

కో_డైరెక్టర్_రిటైర్డ్:

బుల్లోడు గారూ, నేను తొమ్మిదేళ్లు డైలీ సీరియల్స్‌లో చేశాను, మొదట అసిస్టెంట్‌గా తర్వాత కో-డైరెక్టర్‌గా. అమృతం టీమ్‌తో నాకు సంబంధం లేదు, ఆయన్ని దూరం నుంచి చూడ్డమే. మీ తమ్ముడి కోసం కొంచెం వివరంగా రాస్తా, ఓపిగ్గా చదవండి.

ముందు ఆదివారం గారు చెప్పిన పాయింట్ నూటికి నూరుపాళ్లు నిజం. టీవీలో నటన అంటే ముప్పావు వంతు వినడమే. ఒక హాల్ సీన్ ఉందనుకోండి, ఎనిమిది మంది నిలబడి ఉంటారు, మాట్లాడేది ఇద్దరు, మిగతా ఆరుగురూ రియాక్షన్లు ఇవ్వాలి. చాలామంది ఆ టైంలో లోపల నిద్రపోతుంటారు, కెమెరా అది పట్టేస్తుంది. విన్నవాడు మాత్రం గుర్తుండిపోతాడు.

ఇక డైలీ సంగతి. అమృతం వారానికి ఒక్కటే, ఒక కథ చాలావరకు ఒక ఎపిసోడ్‌లో అయిపోయేది, రాసేవాళ్ళకీ చేసేవాళ్ళకీ ఊపిరి తీసుకునే టైం ఉండేది. డైలీ అలా కాదు, వారానికి ఐదో ఆరో ఎపిసోడ్లు, ఒక్కోటి ఇరవై నిమిషాల పైన ఫుటేజ్ కావాలి. నేను చేసినప్పుడు పొద్దున తొమ్మిదింటికి మొదలెడితే రాత్రి తొమ్మిది మామూలు, బ్యాంకింగ్ లేకపోతే, అంటే చేతిలో తీసిపెట్టిన ఎపిసోడ్లు లేకపోతే, అర్ధరాత్రి దాటేది. ఒక ఇల్లు అద్దెకి తీసుకుంటే హాల్ సీన్లన్నీ ఒకేసారి లాగేస్తాం, ఏ ఎపిసోడ్‌దైనా సరే, పొద్దున పెళ్లి అవుతుంది, మధ్యాహ్నం విడాకుల గొడవ, సాయంత్రం మళ్ళీ పెళ్లిచూపులు. ఆర్టిస్టుకి చీరో చొక్కానో మార్చుకునే టైమే తప్ప మనసు మార్చుకునే టైం ఉండదు.

మీ తమ్ముడు నాటకాల నుంచి వస్తున్నాడన్నారు కాబట్టి అతన్ని ఎక్కువ ఇబ్బంది పెట్టేది ప్రాంప్టింగ్. సీన్ పేపర్ సెట్‌లోనే చేతికొస్తుంది, కొన్నిసార్లు మేకప్ వేసుకుంటున్నప్పుడు. కంఠతా పట్టే టైం ఉండదు, పైగా పక్క రాష్ట్రం నుంచి వచ్చిన ఆర్టిస్టులకి మన భాష రాదు, అందుకని కెమెరా పక్కన నిలబడి నాలాంటోడు లైన్ గట్టిగా చదువుతాడు, వాళ్ళు వెనకాల చెప్తారు, గొంతు తర్వాత డబ్బింగ్‌లో వేస్తారు. దీనివల్ల ఏమవుతుందంటే ప్రతి లైన్ ముందూ అర సెకండ్ కళ్ళు ఖాళీ అయిపోతాయి, చెవి అటు వేసి ఎదురుచూస్తుంటారు కదా. సంవత్సరం అలా చేస్తే అలవాటైపోతుంది, తర్వాత నాటకం ఎక్కినా ఆ అర సెకండ్ పోదు. మీ తమ్ముడికి చెప్పండి, ఎలాగైనా సరే ముందురోజు రాత్రే సీన్ పేపర్ అడగమని. అసిస్టెంట్లతో స్నేహంగా ఉంటే వాట్సాప్‌లో ఫోటో తీసి పంపిస్తారు, నేను పంపేవాణ్ణి. లైన్ వచ్చినవాడు ఎదుటివాణ్ణి వినగలడు, రానివాడు ప్రాంప్టర్నే వింటాడు.

సీను గారి మాట ఒప్పుకోను. ముద్ర పడుతుంది నిజమే, కానీ ముద్రే పడక, ఏ పేరుతోనూ ఎవరికీ తెలియక, ఇరవై ఏళ్ళు తండ్రి వేషాలు మావయ్య వేషాలు వేసి వెళ్ళిపోయినవాళ్ళు నాకు ఎంతోమంది తెలుసు. వాళ్ళని తల్చుకుంటే బాధేస్తుంది.

బెజవాడ_బుల్లోడు:

అన్నా చాలా థ్యాంక్స్, ఇదంతా వాడికి ఫార్వర్డ్ చేశా. ఇంకొకటి అడగాలి, కొంచెం ఇబ్బందిగానే ఉంది. హనుమంతరావు గారు చివర్లో డబ్బుకి ఇబ్బంది పడ్డారని అప్పట్లో వార్తల్లో చూశాం. అంత పేరున్న మనిషికి అలా ఎలా అయింది? బాబాయి భయం కూడా అదే.

ఆదివారం_ఎనిమిదిన్నర:

కిడ్నీ జబ్బు బ్రో. ఆయన పరిస్థితి బయటికి తెలిశాక చిరంజీవి గారు 2 లక్షలు పంపారు, ముఖ్యమంత్రి సహాయనిధి నుంచి 5 లక్షలు ప్రకటించారు. 2018 ఫిబ్రవరి 19న పోయారు, 61 ఏళ్లకే. ఆ రోజు మా ఆఫీసులో మధ్యాహ్నం ఎవరూ సరిగ్గా తినలేదు. నాతో పనిచేసే తమిళ అబ్బాయి ఎవరు పోయారు అని అడిగితే "మా ఆంజనేయులు" అన్నాను, "మా" అని ఎందుకొచ్చిందో కూడా తెలీదు.

2020లో ఉగాదికి అమృతం ద్వితీయం వచ్చినప్పుడు ఆంజనేయులుగా ఎల్బీ శ్రీరామ్ గారు చేశారు. ఆయన ఎంత గొప్ప నటుడో నాకు తెలుసు, నాకు చాలా ఇష్టం కూడా, అయినా మొదటి ఎపిసోడ్ మధ్యలో ఆపేశా. తప్పు ఆయనది కాదు. పైన నేనే రాశాను కదా, అమృతం మారితే ఒప్పుకున్నాం అని. ఆంజనేయులు మారితే మాత్రం నా వల్ల కాలేదు.

కో_డైరెక్టర్_రిటైర్డ్:

హనుమంతరావు గారి ఇంటి లెక్కలు మనకి తెలియవు, అది మాట్లాడటం మర్యాద కాదు. కానీ టీవీ ఆర్టిస్టు డబ్బు ఎలా ఉంటుందో నా అనుభవంలోది చెప్తా, మీ బాబాయి గారికి పనికొస్తుంది.

జీతం కాదు, రోజు లెక్క. నెలలో మీ తమ్ముడికి ఎన్ని రోజులు కాల్షీట్, అంటే షూటింగ్‌కి పిలుపు, పడుతుందనేది కథ మీద ఆధారపడి ఉంటుంది. హీరో అన్నయ్య అంటే ట్రాక్, అంటే అతని చుట్టూ తిరిగే కథ, నడిచినప్పుడు పదిహేను రోజులు, ఆ ట్రాక్ ఆగితే మూడు రోజులు, గురువారం వచ్చే టీఆర్పీ బాగోలేకపోతే అన్నయ్యని ఫారిన్ పంపించేస్తారు, పంపించేముందు ఎవరూ చెప్పరు, కాల్షీట్ ఫోన్ రాకపోతే అర్థం చేసుకోవాలి. చేసిన పనికి డబ్బు కూడా వెంటనే రాదు, నేను చేసిన ఒక చోట రెండు మూడు నెలలు పట్టేది, ఇంకో చోట సీరియల్ మధ్యలో ఆపేసి నాకూ పన్నెండుమంది ఆర్టిస్టులకీ చివరి రెండు నెలలవి ఎగ్గొట్టారు. అందులో ఒకావిడ అమ్మమ్మ వేషం వేసేది, ఆవిడ ఆటో డబ్బులు కూడా సొంతంగా పెట్టుకుని వచ్చేది, మేనేజర్ గది బయట స్టూల్ మీద కూర్చుని సాయంత్రం దాకా ఎదురుచూసి, వాడు వెనక గేట్లోంచి వెళ్ళిపోయాడని తెలిసి, మాతో ఒక్క మాట అనకుండా లేచి వెళ్ళింది. అది నేను మర్చిపోలేను.

ఇంకొకటి. మీరు యూట్యూబ్‌లో పాత సీరియల్ ఎన్నిసార్లు చూసినా, మా కాంట్రాక్టుల్లో మాత్రం రిపీట్‌కి డబ్బు అనే మాటే ఉండేది కాదు. ఆ రోజు పని, ఆ రోజు కూలి, అయిపోయింది. జనం ఇరవై ఏళ్ల తర్వాత కూడా నవ్వుతుంటారు, ఆ నవ్వుకి లెక్క లేదు. సినిమాకీ టీవీకీ పోటీ పెట్టడం కాదు, కోపం తెచ్చుకోవాల్సింది దీని మీద.

కాబట్టి వెళ్ళమనే చెప్తాను, కానీ ఆరు నెలల ఖర్చు చేతిలో పెట్టుకుని వెళ్ళమనండి, హెల్త్ ఇన్సూరెన్స్ మొదటి పేమెంట్‌తోనే కట్టమనండి, ఆర్టిస్టుల అసోసియేషన్‌లో మెంబర్‌షిప్ ఆలస్యం చెయ్యొద్దు. నాటకం మానొద్దు. నెలకొక్కసారైనా రిహార్సల్‌కి వెళ్ళాలి, ఆ ప్రాంప్టింగ్ జబ్బుకి మందు అదొక్కటే.

సినిమాపిచ్చి_సీను:

అన్నా నా మాట వెనక్కి తీసుకుంటున్నా. రిపీట్ సంగతి నిజంగా తెలీదు.

బెజవాడ_బుల్లోడు:

బాబాయికి చదివి వినిపించా. ఆ అమ్మమ్మ దగ్గరికొచ్చేసరికి ఆపమన్నాడు, కాసేపు అయ్యాక మళ్ళీ చదవమన్నాడు. ఇన్సూరెన్స్ తనే కడతానన్నాడు. తమ్ముడికి సోమవారం లుక్ టెస్ట్, ఏం వేసుకుని వెళ్ళాలి అన్నా?

కో_డైరెక్టర్_రిటైర్డ్:

ప్లెయిన్ చొక్కాలు రెండు, ఒక లుంగీ లేదా పంచె, తెలుపు వద్దు, సన్న చారలు చిన్న గళ్ళు అసలు వద్దు, కెమెరాలో వణుకుతాయి. గడ్డం తీయకుండా వెళ్ళమనండి, కావాలంటే వాళ్ళే తీయిస్తారు, తీసేశాక పెంచలేం కదా. సీన్ ఇస్తే ఎదుటివాళ్ళ లైన్లు కూడా చదువుకోమనండి.