దసరా తర్వాతి సినిమా సాయంత్రం: ఏం వేద్దాం, ఎవరేం చూసుకుంటారు?

ప్రోగ్రాం (హైదరాబాద్ నుంచి):
అందరికీ నమస్తే. ‘గ్రహాంతరవాసి కళ్లతో మనిషి’ అన్న థీమ్ బాగుంది. మీ డాలస్ వాళ్లు పంపిన సినిమాల లిస్టులో తెలుగు సినిమా ఒక్కటీ లేకపోవడమే బాగోలేదు. మనకి గ్రహాంతరవాసులు లేకపోతేనేం, యముడున్నాడుగా! 1977లో ‘యమగోల’, 1994లో ‘యమలీల’. చిత్రగుప్తుణ్ణి వెంటేసుకుని భూమ్మీదికి దిగడం, ఇక్కడి జనాన్ని చూసి బిత్తరపోవడం. సైన్స్ లేదంటారేమో, చూపు మాత్రం అదే.

ఇంకోటి గమనించండి, వీళ్లందరికీ ఏదో ఒకటి పోతుంది. ‘పీకే’ (2014)లో ఆమిర్‌ఖాన్ దిగీ దిగగానే మెళ్లో రిమోట్ ఎవడో లాక్కుపోతాడు. ‘జగదేకవీరుడు అతిలోకసుందరి’ (1990)లో ఇంద్రజకి ఉంగరం. ‘యమలీల’లో భవిష్యవాణి పుస్తకం. అది దొరికేదాకా మన మధ్య తిరగాలి, ఆ తిరుగుడులోనే మన బండారం బయటపడుతుంది. గాంధీ బొమ్మున్న కాగితమిస్తే క్యారెట్లు ఇస్తున్నారని పీకే గాంధీ బొమ్మలన్నీ ఏరుకొచ్చే సీను గుర్తుందా? డబ్బు గురించి అంతకన్నా ఏం చెప్పాలి.

ఇంగ్లీషులో ఒక్కటే అయితే నా ఓటు 1984 నాటి ‘ద బ్రదర్ ఫ్రమ్ అనదర్ ప్లానెట్’కి. నోట మాట రాని నల్లజాతి గ్రహాంతరవాసి ఒకప్పుడు అమెరికాకి వలసవచ్చినవాళ్లని తనిఖీ చేసిన ఎల్లిస్ ద్వీపంలో తేలి, గోడ మీద చెయ్యి పెడితే ఎప్పుడో ఓడ దిగినవాళ్ల గొంతులు వినిపిస్తాయి. వీసా స్టాంపింగ్‌కి తిరిగినవాళ్లకి వేరే వివరణ అక్కర్లేదు.

హాలు (డాలస్):
అన్నా, ఓటీటీ ఎకౌంట్‌తో హాల్లో వేసేస్తే కుదరదు, టికెట్ పెట్టకపోయినా సరే. పబ్లిక్ షోకి హక్కులు వేరే. ముందు అది తేల్చండి, పోస్టర్ తర్వాత.

ప్రోగ్రాం:
ఫిల్మ్‌నగర్‌లో ఫిల్మ్ ఛాంబర్‌కి వెళ్లి ‘యమలీల’ హక్కులు ఇప్పుడు ఎవరి దగ్గరున్నాయో నేను అడుగుతా. ఓవర్సీస్ విడిగా అమ్మేసి ఉంటే అదో తిరుగుడు. ఇంగ్లీషుది మీరే చూసుకోవాలి. మూడు సినిమాలు వద్దు, ఒకటి పూర్తిగా వేద్దాం. మిగతావాటి గురించి చెప్పుకుందాం.

పిల్లల విభాగం (డాలస్):
అయితే విరామంలో ఇది పెడదాం: ఇక్కడికి వచ్చెళ్లిన అమ్మమ్మలు, తాతయ్యలు మొదటి వారంలో ఏం చూసి వింతపడ్డారో ఫోన్‌లో రెండేసి నిమిషాల వీడియో. మా అత్తయ్యగారు బాల్కనీలో నిలబడి, ‘రోడ్డు మీద ఒక్క మనిషీ లేడేమే, ఊళ్లో ఏమైనా అయిందా?’ అన్నారు. కూకట్‌పల్లి నుంచి వచ్చినావిడ మరి! మీవైపు పెద్దవాళ్లని కాస్త మాట్లాడించగలరా?

ప్రోగ్రాం:
తప్పకుండా అక్కా, అదే సినిమా కన్నా బాగా ఆడేలా ఉంది. అడ్డంగా తియ్యమనండి, ఫ్యాన్ ఆపమనండి.

సామాను (హైదరాబాద్ నుంచి):
నాటకాల డ్రస్సుల షాపులో యముడి కిరీటం, గద చూశా. గద పిడి ఊడొస్తుంది, చెక్‌ఇన్ పెట్టెలో పడుతుంది. నా 23 కిలోల్లో ఆవకాయకి చోటు తగ్గుతుంది, ఎవరికైనా అభ్యంతరమా?

హాలు (డాలస్):
గద వద్దు, ఆవకాయ తెండి. గద ఇక్కడ థర్మకోల్‌తో చేసేస్తాం. కాల్ శనివారం రాత్రి 9కి, మీకు ఆదివారం పొద్దున 7:30.