ప్రిన్స్ ఆఫ్ పర్షియాని ఇప్పుడు ఆడేవాళ్లకి ఆ 60 నిమిషాల గడువు ఉంచాలా, ఎత్తేయాలా?

ఉక్కునగరం_386
సెలవులకి మేనల్లుడు వచ్చాడు. ఈ ఎండలో బీచ్‌కి సాయంత్రం ఆరు దాటితే గానీ పంపలేం, అందాకా ఫోన్ పట్టుకోకుండా ఉంటాడని ల్యాప్‌టాప్‌లో ఎస్‌డీఎల్‌పాప్ వేసి ఇచ్చాను. తెలియనివాళ్ల కోసం: ప్రిన్స్ ఆఫ్ పర్షియా అంటే గంటలోపు చెరలోంచి బయటపడి రాజకుమారిని కాపాడాల్సిన పాత కంప్యూటర్ ఆట. దాని డాస్ (విండోస్‌కి ముందటి పీసీల) వెర్షన్‌ని అభిమానులు విప్పి, ఇప్పటి కంప్యూటర్లలో నడిచేలా తిరిగి రాసిన ఉచిత ఆట ఇది. అవే గదులు, అవే ముళ్లు, అదే నడక. కాకపోతే కొన్ని కొత్త సౌకర్యాలు పెట్టారు. ఎఫ్6 నొక్కితే ఉన్న చోటే సేవ్ అవుతుంది, ఎఫ్9 నొక్కితే మళ్లీ అక్కడికే వచ్చేస్తాం. సెట్టింగుల ఫైల్లో ఒక్క అంకె మారిస్తే 60 నిమిషాల గడువే ఉండదు.

వాడు ఆ గడువు తీసేయమని నా ప్రాణం తీస్తున్నాడు. "టైమ్ అయిపోతే మళ్లీ మొదట్నించి ఎవడాడతాడు మామయ్యా?" అంటాడు. నాకు మనసొప్పడం లేదు, కానీ ఎందుకు ఒప్పడం లేదో వాడికి సరిగ్గా చెప్పలేకపోతున్నాను. మీరేమంటారు?

డాబాగార్డెన్స్_ఫ్లాపీ
తీయొద్దు అన్నా. కారణం చాలా సింపుల్. ఆ ఆటలో ప్రాణాలకి లెక్క లేదు. ఎన్నిసార్లు చచ్చినా లెవెల్ మొదట్లో లేస్తావు. చస్తే పోయేది ఒక్కటే, టైమ్. అది కూడా పోదంటే ఇక దేనికి భయపడాలి? ముళ్ల మీద పడు, లే, మళ్లీ పడు. షిఫ్ట్ నొక్కిపెట్టి ఒక్కో అడుగూ వేసుకుంటూ అంచు దాకా వెళ్లడంలో ఉన్న టెన్షన్ అంతా ఎగిరిపోతుంది.

90ల్లో ద్వారకానగర్‌లో కంప్యూటర్ కోర్సు చేసినవాళ్లకి ఇంకో సంగతి గుర్తుండాలి. మాకు ల్యాబ్ టైమ్ కూడా గంటే. సార్ చెప్పిన ప్రోగ్రాం కొట్టేసి, ఆయన పక్క రూమ్‌కి వెళ్లగానే ఫ్లాపీ పెట్టేవాళ్లం. తెరలో ఒక గడియారం, గోడ మీద ఇంకోటి.

మధురవాడ_డెవ్
ఫ్లాపీ గారూ, ల్యాబ్ కథ బాగుంది, కానీ అది మీ జ్ఞాపకం గురించి చెబుతోంది, ఆట గురించి కాదు. పదకొండేళ్ల పిల్లాడికి ద్వారకానగర్ సెంటిమెంట్ ఎందుకుంటుంది?

పైగా అసలు ఆట మీరు చెప్పినంత కఠినం కూడా కాదు. మూడో లెవెల్ చూడండి. అందులో ఒక చోటు దాటాక చస్తే మొదటికి రాం, మధ్యలోంచే లేస్తాం. మూడో లెవెల్ నుంచి కంట్రోల్ జీ నొక్కి సేవ్ కూడా చేసుకోవచ్చు. అంటే కొంచెం జాలి చూపించాలని ఆట తయారుచేసిన జోర్డాన్ మెక్నర్‌కే అనిపించింది. ఇప్పటి ఆటలు అదే జాలిని ఇంకాస్త పెంచాయి. 2018 నాటి సెలెస్ట్ అనే ఆటలో అసిస్ట్ మోడ్ ఉంది, ఆట వేగమే తగ్గించుకోవచ్చు. 2024లో వచ్చిన ప్రిన్స్ ఆఫ్ పర్షియా, ద లాస్ట్ క్రౌన్‌లో కష్టమైన దూకుళ్లని తప్పించే ఏర్పాటు ఉంది. దాంతో ఆ ఆటల పరువేం పోలేదు.

గాజువాక_మెగాహిట్
గురువుగార్లూ, ఒక్క మాట. మనలో ఎవరు నిజాయతీగా ఆడారు? "ప్రిన్స్ మెగాహిట్" అని టైప్ చేసి చీట్ కోడ్‌లతో లోపలికి వెళ్లినవాళ్లమే కదా అందరం! ఆ సీసాల గది గుర్తుందా? మాన్యువల్లో ఫలానా పేజీ, ఫలానా లైను, ఫలానా పదం మొదటి అక్షరం ఉన్న మందు తాగాలి, వేరేది తాగితే దెబ్బ తగులుతుంది. మాన్యువల్ మొహం జగదాంబ జంక్షన్లో ఎవడైనా చూశాడా? పవిత్రత గురించి మనం మాట్లాడితే నవ్వుతారు.

లాసన్స్‌బే_కాలనీ
మీరంతా గడియారం చుట్టూ తిరుగుతున్నారు. నేను ఆడిన రీమేక్ వేరే. 2007లో వచ్చిన ప్రిన్స్ ఆఫ్ పర్షియా క్లాసిక్. అందులో గడువు కన్నా పెద్ద మార్పు కదలికలో ఉంది. బొమ్మలు త్రీడీ అయ్యాయి, దొర్లడం, గోడని తన్ని వెనక్కి ఎగరడం లాంటివి చేర్చారు.

పాత ఆటలో సెకనుకి సుమారు 12 బొమ్మలే. మెక్నర్ తమ్ముడు డేవిడ్ పరుగెడుతుంటే, దూకుతుంటే వీడియో తీసి, దాని మీద ఒక్కో భంగిమా గీసుకున్నాడు. అందుకే ఆ రాజకుమారుడికి బరువుంటుంది. పరుగు మొదలుపెడితే వెంటనే ఆగలేడు, దూకాక గాల్లో దిశ మార్చుకోలేడు. తెరకి పది పలకలు, మూడు అంతస్తులు. ఏ పలక మీంచి దూకితే ఎక్కడ పడతాడో కంటితో లెక్కపెట్టుకోవచ్చు. దూకేముందు ఆలోచించుకోవాల్సిందే, దూకాక చేసేదేం లేదు. కొత్తదాంట్లో కదలిక నున్నగా ఉండేసరికి, నొక్కగానే తిరుగుతాడని వేళ్లు ఆశపడతాయి. నా వరకు అక్కడే చెడింది. నడక మార్చనంత వరకు గడువు ఉంటే ఏంటి, పోతే ఏంటండీ?

డాబాగార్డెన్స్_ఫ్లాపీ
నడక సంగతి నూటికి నూరుపాళ్లు నిజం మేడమ్. కానీ ఆ నడకకి గడువే జత. ఆగి ఆలోచించాలని నడక అంటుంది, ఆగకు అని గడియారం అంటుంది. ఈ రెండిటి మధ్య నలగడమే ఆట.

ఇంకోటి, ఇబ్బందుల్లోంచి పుట్టినవే ఆ ఆటలో గొప్పవి. ఆట మొదట తయారైన ఆపిల్ 2 కంప్యూటర్ మెమరీలో శత్రువు బొమ్మలకి చోటు లేక, మెక్నర్ రాజకుమారుడి బొమ్మనే కొంచెం మార్చి నీడమనిషిని చేశాడు. ఇవాళ అందరికీ గుర్తున్న పాత్ర అదే.

మధురవాడ_డెవ్
ఇబ్బందిలోంచి పుట్టిందల్లా గొప్పదైతే పీసీ స్పీకర్ కీచు శబ్దం కూడా ఉంచేద్దాం. సంగీతం కట్టింది మెక్నర్ నాన్నగారు ఫ్రాన్సిస్. అది ఆ కీచులో వినాలని నాకేం మోజు లేదు.

అయినా నేను గడువుకి పూర్తి వ్యతిరేకం కాదు. పాత ఆటలోనే షిఫ్ట్ ఎల్ అని ఒక దొడ్డిదారి ఉంది. చీట్లు లేకుండానే నాలుగో లెవెల్ దాకా నేరుగా వెళ్లిపోవచ్చు, కానీ వెళ్తే చేతిలో మిగిలేది 15 నిమిషాలే. అంటే కష్టం అన్నవాడికి దారి ఇచ్చి, బదులుగా నిమిషాలు కోసేశాడు. అప్పటి పద్ధతే అది అయితే ఎఫ్9 కూడా అలాగే ఉండాలి. ఎస్‌డీఎల్‌పాప్‌లో ఆ ఆప్షన్ ఉంది, చూడండి. ఎఫ్9 నొక్కిన ప్రతిసారీ గడువులో నిమిషం దాకా కోత పెట్టుకోవచ్చు. సేవ్ ఉండనివ్వండి, గడియారమూ ఉండనివ్వండి, ఒకదానితో ఇంకోటి కొనుక్కోనివ్వండి.

గాజువాక_మెగాహిట్
ఇది బావుంది. వడ్డీ వ్యాపారం.

డాబాగార్డెన్స్_ఫ్లాపీ
డెవ్ బాబూ, ఈ ఒక్కదానికి ఒప్పుకుంటాను. కానీ అంకె 60 కంటే పెంచితే ఊరుకోను. 90 చేస్తే అది కాలక్షేపమే.

లాసన్స్‌బే_కాలనీ
నేను ఒప్పుకోను. మొదటిసారి ఆడే పిల్లాడు ఏడో లెవెల్ చూడకుండానే విసిగి మానేస్తే మీ 60కి ఏం విలువ? ముందు గడువు లేకుండా పన్నెండు లెవెళ్లూ చూడనివ్వండి. గదులు తెలిశాక గడువుతో ఆడతాడు. మనమూ చేసింది అదే, చీట్లతో దారులు నేర్చుకుని, తర్వాతే కదా గంటలోపు పూర్తిచేసింది? గాజువాక గారు ఒప్పుకున్నారు, మిగతావాళ్లు ఒప్పుకోవడం లేదంతే.

డాబాగార్డెన్స్_ఫ్లాపీ
మేడమ్, నేను గంటలోపు పూర్తిచేశానని ఎక్కడన్నాను?

ఉక్కునగరం_386
అందరికీ థాంక్స్. డెవ్ చెప్పిన పద్ధతి పెట్టాను, 60 నిమిషాలు, ఎఫ్9కి కోత. మొదట గొడవ చేశాడు. తర్వాత తనే ఒక లెక్క వేసుకున్నాడు: లెవెల్ మొదట్లో చస్తే ఎఫ్9 నొక్కడం దండగ, మొదట్నించి ఆడితేనే లాభం. చివర్లో చస్తే నిమిషం పోయినా పర్లేదు. ఆ లెక్క వేస్తుంటే నాకు ముచ్చటేసింది. లాసన్స్‌బే గారు చెప్పిందీ కొట్టిపారేయలేను. ఈ గడువు అయిపోయాక తిరిగి మొదలుపెడతాడా, మానేస్తాడా అన్నది వాడి ఓపిక. మానేస్తే అంకె మార్చేస్తాను, ఫ్లాపీ తమ్ముడు తిట్టుకున్నా సరే.

గాజువాక_మెగాహిట్
నాలుగో లెవెల్లో అద్దం సంగతి ముందే చెప్పకండి అన్నా. పన్నెండులో నీడమనిషి ముందు కత్తి దించాలన్నది అస్సలు చెప్పొద్దు.

ఉక్కునగరం_386
అద్దం నేను చెప్పలేదు. పన్నెండోది యూట్యూబ్‌లో వాడే చూసేశాడు. పైగా నాకు చెప్పాడు.