‘గుజ్జు అరిగింది’ అనడం తప్పా?

ప్రశ్న: మోకాళ్ల నొప్పులున్నవాళ్ల నోట తరచూ వినే మాట, ‘గుజ్జు అరిగిపోయిందండీ’. గంధపుచెక్క అరుగుతుంది, చెప్పులు అరుగుతాయి, అంటే గట్టివి. మెత్తని గుజ్జు ఎలా అరుగుతుంది? పైగా అక్కడున్నది మృదులాస్థి (కార్టిలేజ్) అని బళ్లో చదువుకున్నాం. ఇది తప్పు ప్రయోగమే కదా?

జవాబు: తప్పనకండి. ఎనాటమీ పాఠాలు చెప్పేవాణ్ణి, నాకైతే మృదులాస్థి కన్నా గుజ్జే అసలు సంగతికి దగ్గరగా కనిపిస్తుంది. కీళ్ల మృదులాస్థి బరువులో 65–80 శాతం నీరే. ఆ నీటిని పట్టి ఉంచేవి ప్రోటియోగ్లైకాన్లు, అంటే ప్రోటీన్‌కు చక్కెర గొలుసులు అతికిన పెద్ద అణువులు. వాటిలో ముఖ్యమైనది అగ్రికాన్: నడుమ ప్రోటీన్ కాడ, దాని చుట్టూ సీసాలు కడిగే బ్రష్ కుచ్చులా వందకు పైగా కాండ్రాయిటిన్ సల్ఫేట్ గొలుసులు. ఆ గొలుసుల నిండా రుణావేశం. దానికి సోడియం చేరుతుంది, సోడియం వెంట నీరొస్తుంది. ఇలా ఉబ్బాలని చూసే గుజ్జును టైప్ 2 కొల్లాజెన్ అనే ప్రోటీన్ పోగుల వల బిగించి ఉంచుతుంది. మన బరువు మోసేది ఆ బిగువే.

ఇక ‘అరగడం’. తిన్నది అరగలేదు అంటాం కదా, ఆ అర్థం మరిచారు. కీళ్లరుగుదల తొలిదశలో అగ్రికనేజులనే ఎంజైములు అగ్రికాన్ కాడను ముక్కలు చేస్తాయి. అచ్చంగా జీర్ణం కావడమే. కొల్లాజెన్ వల చెడి, రాపిడికి అరగడం ఆ తర్వాతి మాట. 1956లో లూయిస్ థామస్ అనే అమెరికా వైద్యుడు కుందేళ్ల రక్తంలోకి పపైన్ ఎక్కిస్తే నిక్కిన చెవులు వాలిపోయాయి. ముదురు మాంసం ఉడకడానికి మనం పచ్చి బొప్పాయి వేస్తామే, అందులోని ఎంజైమే ఇది. చెవుల్లో గుజ్జు అరిగిందన్నమాట! కణాలు మళ్లీ తయారుచేసుకోవడంతో కొద్దిరోజులకే చెవులు లేచాయి. వల కూడా చెడిన మోకాలికి ఆ భాగ్యం లేదు.

మరొకరు: మావైపు ‘జిగురు అయిపోయింది’ అంటారు.

జవాబు: అది కీలు మధ్యనుండే ద్రవానికి బాగా నప్పుతుంది.

ఇంకొకరు: సుశ్రుతుడు ముక్కు, చెవుల ఎముకలను తరుణాస్థి అన్నాడు. లేత ఎముక సున్నం పట్టి ముదురుతుందనేగా?

జవాబు: చెవిది ఎన్నేళ్లకూ ఎముక కాదండీ. పిల్లల ఎముకలు పొడవు పెరిగేచోట మాత్రం మృదులాస్థి కణాలు ఉబ్బి, వాటి మధ్య సున్నం చేరుతుంది. అదీ ముదిరి ఎముక కాదు. చాలావరకు తొలగిపోతుంది, మిగిలిన దాన్ని ఆధారం చేసుకుని కొత్త ఎముక ఏర్పడుతుంది. ఇందులో ప్రోటియోగ్లైకాన్ల పాత్ర మీదే తగాదా. ప్రయోగశాలలో చూస్తే అవి సున్నపు స్ఫటికాలను పెరగనివ్వవు, కాబట్టి కాపలా అంటారు కొందరు. అదే రుణావేశంతో కాల్షియంను పట్టి ఉంచుతాయి కాబట్టి గాదె అంటారు ఇంకొందరు. నేను కాపలా పక్షమే గానీ, గాదె వాళ్ల వాదనను కొట్టిపారేయలేను.